నోరులేని జీవి నోట్లో ఇనుము

ప్రతి ప్రాణికీ ఊపిరి పోసి, దాని ఆహారాన్ని తన బాధ్యతగా తీసుకున్న అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. మానవులకే కాక సమస్త లోకాలకు కారుణ్యంగా వచ్చిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతీ శుభాలు కురిపించుగాక!



దివ్య ఖుర్‌ఆన్‌లోని నూరవ సూరా 'అల్ ఆదియాత్' మనలో చాలామందికి కంఠస్థమే. నమాజులో ఎన్నోసార్లు చదివాం, ఎన్నోసార్లు విన్నాం. అందులో అల్లాహ్ దేనిమీద ప్రమాణం చేశాడో ఒక్కసారి ఆలోచించండి. రొప్పుతూ పరుగెత్తే వాటిమీద, గిట్టల తాకిడికి నిప్పురవ్వలు రాల్చే వాటిమీద, వేకువన దుమ్ము రేపుకుంటూ శత్రువుల నడుమకు దూసుకుపోయే వాటిమీద ప్రమాణం చేశాడు. అవి గుర్రాలేనని అత్యధిక వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇంత గొప్ప ప్రమాణం చేసి ఆయన చెప్పిన మాట ఏమిటి? మనిషి తన ప్రభువుపట్ల ఎంతో కృతఘ్నుడని.

ఈ రెంటికీ సంబంధమేమిటని పండితులు యోచించారు. గుర్రానికి యజమాని ఇచ్చేది గుప్పెడు దాణా, కాసిని నీళ్ళు. దానికి ప్రతిగా అది తన ఊపిరినంతా ధారపోస్తుంది. పొమ్మంటే బాణాల వానలోకైనా పోతుంది. మనిషికి అల్లాహ్ ప్రాణమిచ్చాడు, చూపునిచ్చాడు, మాటనిచ్చాడు. అయినా మనిషి తన ప్రభువు పిలుపు వినగానే కదలడు. అంటే గుర్రాన్ని మనకు గురువుగా నిలబెట్టి, దాన్ని చూసి సిగ్గుపడమంటున్నాడు సృష్టికర్త.

మరి ఆ గురువు నోట్లో మనం ఏమి పెట్టాం? దాని కళ్ళకు ఏమి కట్టాం? ఈ నెల మనం మాట్లాడుకోవలసింది దీని గురించే.

వశపరచింది ఎవరు?

వాహనం ఎక్కినప్పుడు చదివే దుఆ మన పిల్లలకు కూడా వచ్చు. అది 'అజ్ జుఖ్రుఫ్' సూరాలో ఉంది. దీన్ని మాకు వశపరచిన ప్రభువు పరమ పవిత్రుడనీ, మా అంతట మేము దీన్ని లోబరచుకోగలిగేవారం కామనీ, చివరకు ఆయన వద్దకే మరలిపోతామనీ దాని భావం. ఆ మూడు మాటల్లో పెద్ద పాఠముంది. మనిషి బరువుకంటే గుర్రం బరువు ఎన్నో ఇంతలు ఎక్కువ. అది నిజంగా తిరగబడితే ఏ పగ్గమూ ఆపలేదు. అయినా పదేళ్ళ పిల్లవాడు జుట్టు పట్టుకుని నడిపిస్తే నడుస్తుంది. అది ఇనుము బలం కాదు. ఆ జీవి స్వభావంలో అల్లాహ్ పెట్టిన విధేయత.

'అన్ నహ్ల్' సూరాలో గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు మన స్వారీ కోసం, శోభ కోసం సృష్టించబడ్డాయని ఉంది. 'అల్ అన్ఆమ్' సూరాలో నేలపై సంచరించే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సమాజాలేనని ఉంది. ఈ రెంటినీ కలిపి చదవాలి. మొదటిది మాత్రమే చదివినవాడు జంతువును యంత్రం అనుకుంటాడు. రెంటినీ చదివినవాడు దాన్ని అమానతు అనుకుంటాడు. అమానతు అంటే మనది కానిది, తిరిగి అప్పగించవలసింది, లెక్క చెప్పవలసింది.

వాహనం దుఆ చివర మరలిపోవడం గురించిన ప్రస్తావన ఊరికే రాలేదు. ఈ రోజు పగ్గాలు నీ చేతిలో ఉన్నాయి, రేపు నీ పగ్గాలు వేరొకరి చేతిలో ఉంటాయన్న హెచ్చరిక అందులో ఉంది.

ఇనుము చేసే పని

మా చిన్నతనంలో మా ఊరి రైల్వే స్టేషన్ ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. తోలేవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. జట్కా సాయిబు అనే మాట ఆంధ్ర దేశంలో ఏ ఊరికి వెళ్ళినా వినిపించేది. మా వీధిలో ఉండే ఒక చాచా చలికాలంలో ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చి, ఇనుప కళ్ళాన్ని తన చంకలో పెట్టుకుని కాసేపు కూర్చునేవాడు. ఎందుకు చాచా అని అడిగితే, చల్లటి ఇనుము పొద్దున్నే నీ పళ్ళమధ్య పెడితే ఎలా ఉంటుంది బేటా, అన్నాడు. ఆయన చదువుకున్నవాడు కాదు. కానీ తన చేతిలోని వస్తువు ఎవరి నోట్లోకి పోతుందో ఎరిగినవాడు.

ఆ నోటి గురించి మనం కూడా కొంచెం తెలుసుకుందాం. గుర్రానికి ముందు పళ్ళకూ వెనుక దవడ పళ్ళకూ మధ్య కొంత మేర పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెపు కడ్డీ కూర్చునేది అక్కడే. అక్కడ దవడ ఎముక అంచు పదునుగా ఉంటుంది, దానిమీద ఉండేది పలుచటి చిగురు మాత్రమే. మన మోకాలి కింద ముందువైపు ఎముకమీద కండ లేకుండా చర్మం ఎలా ఉంటుందో అలాంటిదే అనుకోండి. అక్కడ ఇనుము తగిలితే ఎలా ఉంటుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు. పగ్గం లాగిన ప్రతిసారీ ఆ కడ్డీ నాలుకనూ, ఆ చిగురునూ ఎముకకేసి నొక్కుతుంది. ఏళ్ళ తరబడి అలా జరిగిన గుర్రాల దవడ ఎముకలపై ముళ్ళలాంటి పెరుగుదలలు ఏర్పడతాయని పశువైద్యులు పుర్రెలను పరిశీలించి కనుగొన్నారు.

ఫిన్లాండ్‌లో పందెపు బండ్లు లాగే గుర్రాలపై జరిగిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. పందెం ముగియగానే 261 గుర్రాల నోళ్ళను పరీక్షించారు. వాటిలో 84 శాతం గుర్రాలకు కళ్ళెం తగిలే చోట తాజా గాయాలు ఉన్నాయి. అవి దిక్కులేని గుర్రాలు కావు. మంచి మేత, వైద్యం, పోషణ ఉన్నవి. పైగా ఆ గాయపడిన వాటిలో నోటి బయటకు రక్తం కనిపించినవి బహు కొద్ది. అంటే యజమాని పక్కనే నిలబడి ఉన్నా అతనికి కనిపించని గాయం అది. అతను దుర్మార్గుడు కాకపోవచ్చు. నోరు తెరిచి చూడలేదంతే.

అందుకే మన భాషలో జంతువులను నోరులేని జీవాలంటారు. నోరు లేక కాదు. చెప్పుకునే నోరు లేక.

ఇక మన దేశంలో కొందరు వాడే ముళ్ళ కళ్ళెం సంగతి చెప్పాలి. కడ్డీకి ఇరువైపులా మేకుల్లాంటి ముళ్ళు లోపలివైపుకు తిరిగి ఉంటాయి. పగ్గం లాగితే అవి పెదవుల మూలల్లో, బుగ్గల్లో గుచ్చుకుంటాయి. ఇది చట్ట విరుద్ధం కూడా. బండి లాగే, బరువులు మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి కేంద్రం 1965లో చేసిన నియమాలలో ఎనిమిదవది ముళ్ళు, బొడిపెలు ఉన్న కళ్ళేలనూ, గాయపరిచే ఏ సామగ్రినైనా నిషేధించింది. అవే నియమాల ప్రకారం అలాంటి జంతువుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా ఏకబిగిన ఐదు గంటలకు మించి చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు పని చేయించరాదు. చట్టం ఇలా చెప్పి దాదాపు అరవై ఏళ్ళయింది. మన షరీఅత్ చెప్పి పద్నాలుగు వందల ఏళ్ళు దాటింది. ఇంకా ఆ ముళ్ళు కొన్ని గుర్రాల నోళ్ళలో ఉన్నాయంటే సిగ్గుపడవలసింది ఎవరు?

కళ్ళకు గంతలు

కళ్ళెం తరువాత మాట గంతలు. బండి గుర్రానికి కళ్ళ పక్కన తోలు రేకులు కట్టి ఎదుటి దారి మాత్రమే కనిపించేలా చేస్తారు. గుర్రానికి అల్లాహ్ కళ్ళు తలకు రెండు పక్కలా పెట్టాడు. దాదాపు 350 డిగ్రీల మేర, అంటే చుట్టూ దాదాపు అంతా అది చూడగలదు. నుదుటికి ఎదురుగా కొంచెం, సరిగ్గా తోక వెనుక కొంచెం మాత్రమే కనిపించదు. అది వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. వెనుకనుండి వచ్చే ఆపదను చూసి పారిపోవడమే దాని రక్షణ. అందుకే ఆ చూపు ఇచ్చాడు.

మనం దాని వెనుక చప్పుడు చేసే చక్రాల బండిని కట్టాం. దాన్ని చూసి బెదురుతుందని కళ్ళు మూసాం. వెనుక చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అదేమిటో మాత్రం కనిపించదు. బెదురు పోలేదు, కప్పబడిందంతే. గంతలకు అలవాటుపడిన గుర్రానికి బండికి కట్టి ఉండగానే తలకట్టు జారిపోతే ఏమవుతుందో అనుభవమున్న తోలేవారికి తెలుసు. తన వెనుకనే అంటిపెట్టుకుని వస్తున్న ఆ పెద్ద వస్తువును అది మొదటిసారి చూస్తుంది. ప్రాణభయంతో పరుగు తీస్తుంది. ఎంత పరుగెత్తినా ఆ వస్తువు వదలదు. బండి విరిగేదాకా, మనుషులు గాయపడేదాకా ఆ పరుగు ఆగదు.

సోదరులారా! భయానికి రెండు వైద్యాలున్నాయి. ఒకటి కళ్ళు మూయడం. రెండవది, భయపెట్టే వస్తువును మెల్లగా పరిచయం చేసి అది హాని చేయదని నమ్మకం కలిగించడం. మొదటిది ఒక్క రోజులో అయిపోతుంది. రెండవదానికి నెలలు పడతాయి. మనం మొదటిదాన్ని ఎంచుకున్నది జంతువు స్వభావం వల్ల కాదు, మన తొందర వల్ల. తొందరపాటు షైతాన్ వైపునుండి, నిదానం అల్లాహ్ వైపునుండి అన్న ప్రవక్త (స) బోధ తిర్మిజీ గ్రంథంలో ఉంది. దాన్ని మనం వ్యాపారానికీ వివాహానికీ అన్వయించుకుంటాం కానీ పశువుల కొట్టంలోకి మాత్రం తీసుకుపోము.

ప్రవక్త (స) ఏమి నేర్పారు?

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేస్తున్న ఒంటెపై ఎక్కారు. అది మాట వినకపోయేసరికి దాన్ని ఇటూ అటూ గట్టిగా తిప్పసాగారు. దైవప్రవక్త (స) చూసి, మృదువుగా వ్యవహరించమని ఆమెకు చెప్పారు. మృదుత్వం దేనిలో ఉంటే దానికి అందం వస్తుందనీ, దేనినుండి తొలగిపోతే అది వికారమవుతుందనీ బోధించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం తరచూ వింటాం. భార్యాభర్తల గురించి, పిల్లల పెంపకం గురించి చెప్పేటప్పుడు దీన్ని ఉదహరిస్తాం. అది సరైనదే. కానీ ఆ బోధ పుట్టిన చోటు ఏది? పగ్గాలు పట్టుకున్న చేయి. ప్రవక్త (స) సరిదిద్దింది పగ్గం లాగే తీరును.

గమనించండి, ఆ ఒంటె నిజంగానే మొండిది. తప్పు ఒంటెది కాదని ప్రవక్త (స) అనలేదు. జంతువు మొండికేసినప్పుడు కూడా మృదుత్వం నీ బాధ్యతేనని నేర్పారు. మాట వినే జంతువుతో మృదువుగా ఉండడానికి గొప్పతనమేముంది?

మరొక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ అబూ బషీర్ అన్సారీ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఒక ప్రయాణంలో ప్రవక్త (స) మనిషిని పంపి, ఏ ఒంటె మెడలోనూ వింటినారి త్రాడు ఉండకుండా కోసివేయమని ఆజ్ఞాపించారు. దిష్టి తగలకూడదని కట్టే తాడు కనుక తీయించారని ఇమామ్ మాలిక్ (రహ్మ) అన్నారు. పరుగెత్తేటప్పుడు ఆ నారి బిగుసుకుని జంతువు గొంతు నొక్కుకుపోతుందనే కారణాన్ని మరికొందరు పండితులు చెప్పారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులైన ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) వివరణ ఇదే. జంతువుకు తగిలించే సామగ్రిని కూడా తనిఖీ చేయించిన ప్రవక్త (స) మనవారు. ఆ సామగ్రి దాని ఊపిరికి, దాని శరీరానికి ఏమి చేస్తుందో చూడడం సున్నత్ స్ఫూర్తిలోనిదే.

ముఖంపై వాతలు పెట్టిన గాడిదను చూసి, అలా చేసినవాడిని ఆయన శపించారు. ముఖంపై కొట్టడాన్ని నిషేధించారు. (ముస్లిం) ముఖమే ఎందుకు? అది సున్నితమైన చోటు, గౌరవమున్న చోటు. మరి నోరు ముఖంలో భాగం కాదా? కళ్ళు ముఖంలో భాగం కాదా? బయట ముఖంపై కొట్టకూడదన్న షరీఅత్, లోపల అదే ముఖాన్ని కోసే ఇనుమును ఎలా మెచ్చుకుంటుంది?

ఒక అన్సారీ తోటలో ఒంటె ప్రవక్త (స)ను చూసి మూలిగి కన్నీరు కార్చిన సంఘటన అబూ దావూద్‌లో ఉంది. ఆయన దాని చెవుల వెనుక నిమిరి దాన్ని శాంతపరిచారు. యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ మూగజీవి విషయంలో ఆయనకు భయపడవా అని నిలదీశారు. ఆకలితో మాడుస్తున్నావనీ, అలసటకు గురిచేస్తున్నావనీ అది తనకు ఫిర్యాదు చేసిందని తెలిపారు. ఆనాడు ఒంటెకు ఫిర్యాదు వినేవారు దొరికారు. నేడు దాని ఫిర్యాదు వినవలసింది ఆయన అనుచరులమైన మనమే.

గుర్రం విషయంలోనైతే ఆయన ప్రేమ మరీ ప్రత్యేకం. తన పైవస్త్రంతో తన గుర్రం ముఖాన్ని తుడుస్తూ కనిపించారనీ, ఎందుకని అడిగితే రాత్రి గుర్రాల విషయంలో తనకు మందలింపు వచ్చిందని చెప్పారనీ ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో నమోదు చేశారు. సర్వలోక కారుణ్యమూర్తికే గుర్రాల విషయంలో హెచ్చరిక వచ్చిందంటే మన సంగతేమిటి?

ఖలీఫా పంపిన ఆజ్ఞ

ఈ బోధ పుస్తకాల్లోనే ఉండిపోలేదు. అది ఒకప్పుడు పాలనగా మారింది. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హిజ్రీ 99 నుండి 101 వరకు, అంటే క్రీ.శ. 717 నుండి 720 వరకు ఖలీఫాగా ఉన్నారు. సామ్రాజ్యం సింధు నుండి అందలూసియా వరకు విస్తరించి ఉంది. అన్ని వైపులకూ తపాలా గుర్రాలు, కంచర గాడిదలు పరుగెత్తేవి. రాజ్య వ్యవహారమంతా ఆ వేగం మీదే ఆధారపడింది. అలాంటి సమయంలో ఆయన తపాలా మార్గాల అధికారికి ఒక ఉత్తరువు పంపారని ఆయన జీవిత చరిత్ర రాసిన ఇబ్ను అబ్దుల్ హకమ్ తెలిపారు. ఎవరికీ బరువైన కళ్ళెం వేసిన జంతువును ఇవ్వకూడదు, చివర ఇనుప మొన ఉన్న కర్రతో ఏ జంతువునూ పొడవకూడదు అన్నది ఆ ఉత్తరువు.

ఈజిప్టులో ఒక్కో ఒంటెపై వేయి రాత్తుల్ బరువు వేస్తున్నారని తెలిసినప్పుడు, ఆరువందలకు మించరాదని ఆయన అక్కడి అధికారికి రాశారు. ఆయన సేవకుడొకడు కంచర గాడిదపై పనిచేసి రోజుకు ఒక దిర్హమ్ తెచ్చేవాడు. ఒకరోజు ఒకటిన్నర తెచ్చాడు. బజారు బాగుందని చెప్పాడు. కాదు, నువ్వు జంతువును అలసటకు గురిచేశావు, దానికి మూడు రోజులు విశ్రాంతి ఇవ్వు అన్నారు ఖలీఫా. ఎక్కువ సంపాదన చూసి మనం మాషా అల్లాహ్ అంటాం. ఆయనకు ఆ అర దిర్హమ్‌లో ఒక జంతువు చెమట కనిపించింది.

రాజ్యాన్ని నడపడానికి బరువైన కళ్ళెం అవసరం లేదని ఆయన అనుకున్నారు. మరి ఒక జట్కాను నడపడానికి, ఒక బగ్గీని నడపడానికి మనకు ముళ్ళ కళ్ళెం కావాలా?

కళ్ళెం లేకుంటే బండి ఆగుతుందా?

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. కళ్ళెం హరామ్ అని చెప్పే అధికారం మనకు లేదు. సహాబాలు కళ్ళేలు వాడారు, గుర్రపు స్వారీ చేశారు, స్వారీని ప్రోత్సహించారు. అల్లాహ్ నిషేధించనిదాన్ని నిషేధించడం కూడా హద్దు మీరడమే. నిషిద్ధమైనది హింస. అయితే అదే పనిని తక్కువ బాధతో చేసే మార్గం మన ముందు ఉన్నప్పుడు, దాన్ని తెలుసుకుని కూడా పక్కన పెట్టడం ఇహ్‌సాన్ కాదు. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడనీ, జిబహ్ చేసేటప్పుడు కూడా కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలనీ ప్రవక్త (స) ఆదేశించారు. (ముస్లిం) చంపేటప్పుడే అంత జాగ్రత్త ఉంటే, రోజూ పని చేయించుకునేటప్పుడు ఎంత ఉండాలి?

నోట్లో ఇనుము లేని తలకట్టుతో, గంతలు లేకుండా బండి తోలేవారు నేడు ప్రపంచంలో ఉన్నారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పశువైద్యులు రాబర్ట్ కుక్ కళ్ళెం వల్ల గుర్రం నోటికి, ఊపిరికి కలిగే హానిని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. దవడ కింద పట్టీలు ఒకదానిపై ఒకటి దాటిపోయే తలకట్టును ఆయన ప్రచారం చేశారు. ఎడమ పగ్గం లాగితే కుడి చెంప మెల్లగా నెట్టినట్టవుతుంది, గుర్రం ఎడమకు తిరుగుతుంది. నోట్లో ఏమీ ఉండదు.

మరి బండి ఆగేదెలా? కొందరికి తెలియని సంగతి ఏమంటే, కళ్ళెం ఉన్నప్పుడు కూడా బండిని ఆపేది నోరు కాదు. గుర్రం నిలబడితే వెనుక తొడల చుట్టూ ఉన్న పట్టీ బండిని ఆపుతుంది. బ్రేకు ఉంటే అది ఆపుతుంది. కళ్ళెం ఇచ్చేది ఒక సూచన మాత్రమే. ఆ సూచనను గొంతుతో ఇవ్వవచ్చు, ముక్కు ఎముకపై పట్టీతో ఇవ్వవచ్చు. మా వీధి చాచా ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు పగ్గాలు ఒళ్ళో పెట్టుకుని తస్బీహ్ చేసుకుంటూ కూర్చునేవాడు. నాలుకతో ఒక చప్పుడు చేస్తే గుర్రం కదిలేది, ఒక్క మాటంటే నిలిచేది. నోట్లో కళ్ళెం ఉన్నా దానికి పని ఉండేది కాదు.

అయితే ఈ పనిలో కూడా తొందర కూడదు. రేపు ఉదయమే రోడ్డుమీద గంతలు విప్పి తోలితే జంతువుకూ ప్రమాదం, మనుషులకూ ప్రమాదం. మనిషి ప్రాణ రక్షణ షరీఅత్ ఆశయాల్లో ఒకటి. గుర్రం బండి కమ్ముల మధ్య ఉండగా తలకట్టు ఎన్నడూ విప్పరాదు. క్రమం ఇది. మొదట గుర్రాన్ని చేతితో నడిపిస్తూ ఆగడం, కదలడం, వెనక్కి జరగడం గొంతుతో నేర్పాలి. తరువాత బండి లేకుండానే పొడవైన పగ్గాలతో దాని వెనుక నడుస్తూ తోలాలి. బండిని దాని ముందుకు తెచ్చి వాసన చూడనివ్వాలి. వేరొకరు ఖాళీ బండిని దాని ముందు లాగాలి, తరువాత పక్కన, తరువాత వెనుక. చక్రాల చప్పుడుకు చెవులు నిక్కబొడుచుకోవడం మానిన తరువాతే ఆవరణ లోపల, పక్కన మనుషులుండగా, కాసేపు కట్టాలి. ముక్కు పట్టీ నాసికా రంధ్రాలకు బాగా పైన, గట్టి ఎముకపై ఉండాలి. రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. కిందికి జారితే ఊపిరికి అడ్డమవుతుంది.

ఇనుము తీసేసినంత మాత్రాన కారుణ్యం వచ్చేయదు కూడా. పొడవైన కమ్మీలున్న కొన్ని తలకట్లు కళ్ళెంకంటే ఎక్కువ బాధ పెట్టగలవు. కఠినమైన చేతిలో పట్టు దారం కూడా ముల్లే. మృదువైన చేతిలో నునుపైన కళ్ళెం గాయం చేయకపోవచ్చు. కనుక మార్చవలసింది ముందుగా చేతిని, ఆ చేతిని నడిపే హృదయాన్ని.

మనం చేయగలిగింది

నా దగ్గర గుర్రం లేదు, ఈ మాటలు నాకెందుకని కొందరు అనుకోవచ్చు. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి, నిజమే. కానీ పెళ్ళిళ్ళలో గుర్రాలు పోలేదు. హైదరాబాద్ మొదలుకుని జిల్లా పట్టణాల వరకు వరుడిని గుర్రంపైనో, అలంకరించిన బగ్గీలోనో ఊరేగిస్తున్నారు. ముందు మర్ఫా మోత, పక్కన టపాకాయలు, కళ్ళలోకి లైట్లు. ఎంత మోత జరిగినా గుర్రం కదలకుండా నిలబడుతుందంటే దాని నోట్లో ఏముందో మనం చూడలేదు. నికాహ్ ఒక ఇబాదత్. ఆ రాత్రి ఒక మూగజీవి నోట్లో రక్తం కారితే, ఆ ఇబాదత్‌లో మన వాటా ఏమిటి?

అసలు ఊరేగింపు లేకుండా సాదాగా నికాహ్ జరుపుకోవడమే శుభకరం. ఒకవేళ గుర్రాన్ని బాడుగకు మాట్లాడితే, బేరానికి ముందు యజమానిని నోరు తెరిచి చూపమని అడగండి. ముళ్ళ కళ్ళెం ఉంటే వద్దనండి. మాట్లాడేటప్పుడు అతన్ని అవమానించకండి. అతనూ పేదవాడే, అతని పిల్లలూ ఆ గుర్రం మీదే బతుకుతున్నారు. నునుపైన కళ్ళెం కొనడానికి సాయం చేయండి, నీళ్ళ తొట్టి పెట్టించండి, పశువైద్యుణ్ణి చూపించండి. అది సదఖా. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించినవాణ్ణి అల్లాహ్ క్షమించాడన్న హదీసు మనకు తెలుసు. (బుఖారీ, ముస్లిం)

జుమా ఖుత్బా ఇచ్చే పెద్దలకు ఒక మనవి. తెలిసిన జ్ఞానాన్ని అడిగినా చెప్పక దాచినవాడికి ప్రళయ దినాన నిప్పు కళ్ళెం వేయబడుతుందని హదీసు ఉంది. (అబూ దావూద్, తిర్మిజీ) ఈ విషయాన్ని మీ ఊరి బండివాళ్ళకు, పెళ్ళిళ్ళు చేసే పెద్దలకు చెప్పండి.

రేపటి కళ్ళెం

సోదర సోదరీమణులారా! ఆ రోజున సూర్యుడు ప్రజలకు చేరువవుతాడు. మనుషులు తమ తమ కర్మలనుబట్టి చెమటలో మునుగుతారు. కొందరికి చీలమండల దాకా, కొందరికి మోకాళ్ళ దాకా, కొందరికి నడుము దాకా. మరికొందరికి ఆ చెమటే కళ్ళెమవుతుందని చెబుతూ ప్రవక్త (స) తన నోటివైపు చూపించారు. ఈ హదీసును హజ్రత్ మిఖ్దాద్ (రజి) ఉల్లేఖించారు, సహీహ్ ముస్లింలో ఉంది. కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి సైతం ఆ రోజు న్యాయం జరుగుతుందని అదే గ్రంథంలో ఉంది. గొర్రెకు గొర్రెపై హక్కు ఇప్పించే ప్రభువు, గుర్రానికి మనిషిపై హక్కు ఇప్పించడా?

హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖనం ఒకటి నసాయీలో ఉంది. ప్రతి వేకువలోనూ అరబ్బీ గుర్రానికి దుఆ చేసుకునే అనుమతి ఉంటుందట. నన్ను ఈ మనిషికి వశపరచావు, అతని ఆస్తిపాస్తులన్నింటిలో, ఇంటివారందరిలో నన్ను అతనికి ఎంతో ప్రియమైనదిగా చెయ్యి అని అది తన ప్రభువును వేడుకుంటుందట. మనం ఫజ్ర్‌కు నిద్ర లేవక ముందే అది మన ప్రేమ కోసం అల్లాహ్‌ను అడుగుతోంది. తెల్లవారాక మనం దాని నోట్లో ఇనుము పెడుతున్నాం.

ఓ అల్లాహ్! నీవు మాకు వశపరచిన జీవాలను మాకు అమానతుగా గుర్తుచెయ్యి. మేము చూడక చేసిన గాయాలను క్షమించు, ఇకపై చూసే కళ్ళనివ్వు. మా చేతులకు మృదుత్వాన్ని, మా మనసులకు నిదానాన్ని ప్రసాదించు. ప్రళయ దినాన మా చెమట మాకు కళ్ళెం కాకుండా కాపాడు. మూగజీవాలు మాపై ఫిర్యాదుదారులుగా కాక, మా పక్షాన సాక్షులుగా నిలిచేలా చెయ్యి. ఆమీన్.